కచేరీ హాల్లోనూ జరగాలి, రేడియోలోనూ రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

2025 మార్చిలో ఇళయరాజా గారు లండన్ లో సింఫనీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం భాగాలు భాగాలుగా రాసే పాశ్చాత్య సంగీతం, చేసినప్పుడు మన తెలుగు పేపర్లన్నీ ఫోటోలేసి మరీ రాశాయి, మీరూ రాశారు, సంతోషం. కాకపోతే అందరిదీ ఒకటే వరస, ఎంతమంది వాయించారు, ఎవరెవరు మెచ్చుకున్నారు, దేశానికి ఎంత గర్వం, అంతే. అసలు ఆ ఊళ్ళో మామూలు జనం ఇలాంటి కచేరీలు ఎలా వింటారు, టికెట్ కి ఎంత పెడతారు, రాలేనివాళ్ళ సంగతేంటి అన్నది ఎవరూ పట్టించుకోలేదు. ఆ వేసవిలోనే నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళు ఉండొచ్చాం కాబట్టి నేను చూసింది రాస్తున్నా, ఉత్తరం కాస్త పొడుగైతే ఏమనుకోకండి, ఎక్కడ కత్తిరించినా పర్లేదు గానీ చివర అడిగింది మాత్రం ఉంచండి.

లండన్ లో జులై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా సుమారు ఎనిమిది వారాలు ప్రామ్స్ అని పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలు జరుగుతాయి. దాదాపు రోజూ కచేరీయే. మన చిక్కడపల్లిలోనో విజయవాడలోనో త్యాగరాజ ఉత్సవాలు వారం పది రోజులు చేస్తేనే అబ్బో అనుకుంటాం కదా, ఇవి రెండు నెలలు. రాయల్ ఆల్బర్ట్ హాల్ అని 1871లో తెరిచిన గుండ్రటి పేద్ద హాలు, పైన గాజు గుమ్మటం, ఐదు వేల మందికి పైగా పడతారు. నడిపేది బీబీసీ. అక్కడ వాయించే ప్రతి కచేరీ బీబీసీ రేడియో 3లో లైవ్ గా వస్తుంది, పెద్ద పేరున్నవాళ్ళవి మాత్రమే అనుకునేరు, అన్నీ. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

టికెట్ సంగతి చెప్తే మీరు నమ్మరు. హాల్లో కుర్చీలు ఖరీదే, మంచి సీటు కావాలంటే మన రూపాయల్లో వేలకి వేలు. కానీ స్టేజికి ఎదురుగా కింద ఖాళీ స్థలం ఉంటుంది, అరీనా అంటారు, అక్కడ కుర్చీలు వెయ్యరు, నిలబడి వినాలి, టికెట్ 2025లో 8 పౌండ్లు, అంటే మన లెక్కలో 900 చిల్లర. అలాగే అన్నిటికన్నా పైన గుమ్మటం కింద చుట్టూ వరండాలాగా గ్యాలరీ ఉంటుంది, అదీ అంతే ధర. ఈ టికెట్లు ముందే అమ్మెయ్యరు, ఏ రోజువి ఆ రోజు పొద్దున అమ్ముతారు, కాబట్టి డబ్బున్నవాడు నెలల ముందే బుక్ చేసేసుకుని మిగతావాళ్ళకి లేకుండా చెయ్యడం కుదరదు. ఇంకోటి గమనించారా, అన్నిటికన్నా తక్కువ టికెట్ వాడే స్టేజికి అన్నిటికన్నా దగ్గర్లో ఉంటాడు. వయొలిన్ వాడి వేళ్ళు కనపడేంత దగ్గర. మన దగ్గర ఏ సభకి వెళ్ళినా ముందు వరసలో సోఫాలు వేసి, వాటి ముందు టీపాయ్ లు పెట్టి, నీళ్ళ సీసాలు పెట్టి, వీఐపీ గారి కోసం ఆపి ఉంచుతారు, ఆయన రాడు, వస్తే రెండు పాటలయ్యాక లేచిపోతాడు, నిజంగా వినేవాడు వెనకాల ఫ్యాను చప్పుడు కింద కూర్చుంటాడు. నేను కరెంటు డిపార్ట్ మెంట్ లో చేసి రిటైరయ్యా, ఆ ఖాళీ సోఫాల వెనకాల చాలా ఏళ్ళు కూర్చున్నా, అందుకే ఈ విషయం అంత గట్టిగా తగిలింది.

ఈ నిలబడే పద్ధతి ఇవాల్టిది కాదట. 1895లో రాబర్ట్ న్యూమన్ అని క్వీన్స్ హాల్ మేనేజరు, మామూలు జనానికి ఈ సంగీతం అలవాటు చెయ్యాలని ఆగస్టు 10న మొదలుపెట్టాడు, కండక్టర్ గా, అంటే ఆర్కెస్ట్రాని ముందు నిలబడి నడిపించేవాడిగా, హెన్రీ వుడ్ అనే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. నిలబడి వింటే ఒక షిల్లింగు. తినొచ్చు, తాగొచ్చు, సిగరెట్ కూడా కాల్చుకోవచ్చు, కాకపోతే గాత్రం జరుగుతున్నప్పుడు మాత్రం దయచేసి అగ్గిపుల్లలు గియ్యకండి అని వేడుకునేవాళ్ళంట. ఆ మాట చదివి నేను చాలాసేపు నవ్వుకున్నా, మన దగ్గర ఆలాపన మధ్యలో చిప్స్ ప్యాకెట్ చింపేవాళ్ళని తలుచుకుని. తర్వాత న్యూమన్ చనిపోయాడు, డబ్బు పెట్టేవాళ్ళు తప్పుకున్నారు, ఇక ఆగిపోతాయి అనుకుంటుంటే 1927లో బీబీసీ తీసుకుంది, అప్పటికి బీబీసీ పుట్టి ఐదేళ్ళే. రేడియోలో లైవ్ పెడితే హాలుకి జనం రావడం మానేస్తారని అప్పుడు భయపడ్డవాళ్ళు లేకపోలేదు, టీవీ వస్తే సినిమా హాళ్ళు మూతపడతాయి అన్నట్టు. కానీ ఇన్నేళ్ళయినా ఆ అరీనా నిండుతూనే ఉంది కదా.

ఇంకో చిన్న విషయం, బీబీసీ చేతుల్లో మొదటి ప్రామ్స్ కచేరీ 1927 ఆగస్టు 13న. అదే ఏడు జులై 23న, అంటే సరిగ్గా మూడు వారాల ముందు, బొంబాయిలో ఇండియన్ బ్రాడ్ కాస్టింగ్ కంపెనీ స్టేషన్ మొదలైంది, మన ఆకాశవాణికి ముందు నడిచిన రేడియో అది. ఇంచుమించు ఒకే ఈడు పిల్లలు ఇద్దరూ. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత మన రేడియో దగ్గరికొచ్చినప్పుడు తెలుస్తుంది.

మేం వెళ్ళిన రోజు సంగతి. మేం అన్నానే గానీ వెళ్ళింది నేనూ అల్లుడూ. మా ఆవిడకి మోకాళ్ళు, అంతసేపు నిలబడలేదు, అందుకని లండన్ దగ్గర రెడింగ్ అనే ఊళ్ళో అమ్మాయి వాళ్ళింట్లో వంటింటి రేడియో దగ్గర కూర్చుంటానంది. నిజం చెప్పాలంటే సంగీతం తెలిసింది ఆవిడకే, చిన్నప్పుడు వీణ నేర్చుకుంది, విజయవాడ స్టేషన్ లో ఓలేటి వెంకటేశ్వర్లు గారి సంగీత శిక్షణ వింటూ పుస్తకంలో స్వరాలు రాసుకున్న మనిషి. నేను ఊరికే వింటాను. అయినా తెలిసినావిడ ఇంట్లో, తెలియనివాడు హాల్లో.

ఆ రోజు బీతోవెన్ తొమ్మిదో సింఫనీ. ఇంటర్వెల్ కి ముందు ఏవో కొత్తవాళ్ళ కంపోజిషన్లు వాయించారు, వాటి గురించి నేనేం చెప్పలేను, తర్వాత ఇది. గంటా పది నిమిషాలు అటూ ఇటూగా ఉంటుంది. 1824లో వియన్నాలో మొదటిసారి వాయించేనాటికి ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి, అయిపోయాక జనం చప్పట్లు కొడుతుంటే వినపడక అటు తిరిగే నిలబడి ఉంటే, పాడినావిడ ఎవరో ఆయన్ని పట్టుకుని జనం వైపు తిప్పిందంట. ఈ కథ అల్లుడు మెట్లెక్కుతుండగా చెప్పాడు, చాలా మెట్లు ఉన్నాయి లెండి, గ్యాలరీ అంటే గుమ్మటం కిందే.

పైకెళ్ళి చూస్తే కొంతమంది దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు! నేను ఒంట్లో బాలేదేమో అనుకున్నా, కాదు, అలా పడుకుని కళ్ళు మూసుకుని వింటారంట అక్కడ, అది అలవాటు. ఒకాయన నోటేషన్ పుస్తకం ముందేసుకుని గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. నేనూ కటకటాల పక్కన కిందే కూర్చున్నా, ఎవరూ ఏమనలేదు. కింద స్టేజి మీద వాయించేవాళ్ళంతా చాలా చిన్నగా కనపడతారు, వాళ్ళ తలల మీద సన్నటి తీగలకి మైకులు వేలాడుతుంటాయి, వెనక ఆర్గన్ ముందు హెన్రీ వుడ్ బొమ్మ, బస్ట్ అంటారే అలాంటి కంచు బొమ్మ, పెట్టి ఉంటుంది. దానికో కథ ఉంది. 1941 మే 10 రాత్రి జర్మన్ల బాంబులకి క్వీన్స్ హాల్ కాలిపోయింది, ఆ శిథిలాల్లోంచి తీసిన బొమ్మ అది. ప్రామ్స్ ఆల్బర్ట్ హాలుకి వచ్చింది కూడా ఆ ఏడే.

పైకి చూస్తే గుమ్మటం నుంచి గుండ్రటి పెద్ద పెద్ద మూకుళ్ళలాంటివి వేలాడుతున్నాయి. అవేంటని అడిగితే ప్రతిధ్వని ఆపడానికి 1969లో పెట్టిన ఫైబర్ గ్లాస్ చిప్పలంట. అంతకు ముందు ఈ హాల్లో ప్రతిధ్వని ఎంత ఉండేదంటే, ఇంగ్లీషు కంపోజరు ఎవడైనా తన పాట రెండుసార్లు వినాలంటే ఇక్కడ వాయిస్తే చాలు అని జోకేసేవాళ్ళంట.

ఇక అసలు విషయం. ఆ సింఫనీలో చివరి భాగంలో అందరికీ తెలిసిన ఆ వరస ఉంటుంది కదా, అడ్వర్టైజ్ మెంట్లలో కూడా వాడేస్తారు, అది మొదట వచ్చేది చెల్లోలు, డబుల్ బేసుల మీద, అంటే వయొలిన్ జాతివే కానీ బాగా పెద్దవి, ఇంకే వాయిద్యం తోడు లేకుండా, చాలా చాలా సన్నటి శబ్దంతో. దానికి ముందు పెద్ద గోల, అరుపులు, ముందు భాగాల్లోవి తలో ముక్కా వాయించి ఇది కాదు ఇది కాదు అన్నట్టు ఆపేస్తారు. తర్వాత అంతా ఆగుతుంది. నేను పైనుంచి చూస్తున్నా, బేసుల వాళ్ళ కమానులు కదులుతున్నాయి గానీ ఏం వినపడట్లేదు. నా చెవుల మీద అనుమానం వచ్చింది. కమానులన్నీ ఒకే దిక్కుగా ఒకే పొడుగున పోతున్నాయి, చూస్తూ ఉంటే ఎప్పుడు మొదలైందో తెలియకుండా శబ్దం అక్కడ ఉంది. ఐదు వేల మంది, ఒక్క చప్పుడు లేదు, పడుకున్నాయన కూడా కళ్ళు తెరిచాడు. నాకు సంగీతం తెలియదన్నా కదా, కానీ ఆ నిశ్శబ్దం వాయించేవాళ్ళది మాత్రమే కాదు, వినేవాళ్ళంతా కలిసి పట్టుకుని ఉన్నది అని అర్థమైంది. రేడియోలో లైవ్ వెళ్తోంది అన్న సంగతి హాల్లో అందరికీ తెలుసు, తుమ్మితే దేశమంతా వినపడుతుంది. భాగానికీ భాగానికీ మధ్య ఖాళీలో చూడాలి, అప్పటిదాకా ఆపుకున్నవాళ్ళంతా ఒకేసారి దగ్గుతారు, ఆస్పత్రి వార్డులాగా. మళ్ళీ కండక్టరు చెయ్యెత్తగానే గప్ చుప్.

ఇంటికొచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది, మా ఆవిడ పడుకోకుండా కూర్చుని ఉంది. నేను చెప్పుకుందామని నోరు తెరిచేలోపు తనే, ఏవండీ, మూడో భాగంలో నెమ్మదిగా సాగుతుంటే ఎవరో దగ్గారు, మీరేనా అంది. నేను కాదన్నా నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు. అప్పుడు కూర్చుని ఇద్దరం పోల్చుకున్నాం. ఆవిడకి బేసుల మెలోడీ మొదటి స్వరం నుంచీ స్పష్టంగా వినపడిందంట, కమాను తీగ మీద ఒరుసుకునే గరగర కూడా, మైకు దగ్గరుంటుంది కదా. ఓబో అనే ఊదే వాయిద్యం వాయించేవాడు ఊపిరి పీల్చడం వినపడిందంట. నాకు అవేవీ లేవు. కానీ కోరస్ వాళ్ళంతా లేచి నిలబడి ఒక్కసారి అందుకున్నప్పుడు నా వీపు ఆనుకున్న గోడ అదిరింది, అది రేడియోలో రాదు. రేడియోలో గొంతులు సోలో వాళ్ళవి ముందుకొచ్చి, వెనక కోరస్ ఒక పక్కకి సర్దుకుని వినపడ్డాయంట, నాకేమో పైన అంతా కలిసిపోయి ఒక ముద్దలా వచ్చింది, సోలో పాడినావిడ నోరు కదలడం చూసి పాడుతోందని తెలుసుకున్నా. ఇంటర్వెల్ లో నేను చిన్న కప్పులో ఐస్ క్రీం తిన్నాను, ఆవిడ ఆ పాట రాసిన షిల్లర్ అనే కవి గురించి రేడియోలో మాట్లాడింది విని, మా మనవరాలు ఇంగ్లీషులోంచి చెప్తుంటే తెలుసుకుంది. ఎవరికి లాభం అంటారు? నేను ఆ కచేరీ సగం చూశాను, మా ఆవిడ మిగతా సగం విన్నది, ఇద్దరం కలిస్తేగానీ పూర్తి కాలేదు.

మనవరాలు ఇంకో పని చేసిందంట, వంటింటి రేడియోలో ఎఫ్ఎం, ఫోన్ లో యాప్ రెండూ ఒకేసారి పెట్టింది. ఫోన్ లోది బాగా వెనకపడి, ఇక్కడ చప్పట్లు కొడుతుంటే అక్కడ ఇంకా వాయిస్తూనే ఉన్నారంట. మా చదువుకునే రోజుల్లో సైన్స్ మాస్టారు చెప్పేవారు, కచేరీ హాల్లో చివరి వరసలో కూర్చున్నవాడి కన్నా వంద మైళ్ళ అవతల రేడియో ముందు కూర్చున్నవాడికే ముందు వినపడుతుందిరా అని, ఎందుకంటే శబ్దం సెకనుకి 340 మీటర్లు, రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు. లెక్క కరెక్టే. ఇప్పుడు అంతా డిజిటల్ అయ్యి దారిలో ఎక్కడెక్కడో ఆగి వస్తుంది కాబట్టి ఆ సరదా పోయింది, గ్యాలరీ వాడే ముందు.

హాలూ రేడియో ఒకదానికొకటి ఎలా ఆదుకుంటాయో వాళ్ళ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1944లో జర్మన్ల వీ1 బాంబులు లండన్ మీద పడుతుంటే హాల్లో జనాన్ని పోగెయ్యడం ప్రమాదమని మూసేశారు, బీబీసీ ఆర్కెస్ట్రా బెడ్ ఫర్డ్ అనే ఊళ్ళో ఉండేది, అక్కడి నుంచే వాయించి రేడియోలో ఇచ్చారు. హెన్రీ వుడ్ చివరిసారి కండక్ట్ చేసింది ఆ జులైలో అలా బెడ్ ఫర్డ్ నుంచే, మర్నెలలో చనిపోయాడు. 2020లో కోవిడ్ అప్పుడు మళ్ళీ అదే పని, ఖాళీ హాల్లో దూరం దూరంగా కూర్చుని రెండు వారాలు లైవ్ వాయించారు, జనం ఇళ్ళల్లో విన్నారు. దీనికి పూర్తిగా ఉల్టా కూడా జరిగింది ఒకసారి. 2011 సెప్టెంబర్ 1న మన బొంబాయి మనిషి జుబిన్ మెహతా గారు ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ తో వచ్చినప్పుడు హాల్లో నిరసనలు జరిగి రేడియో 3 వాళ్ళు ప్రసారం మధ్యలో ఆపెయ్యాల్సొచ్చింది, కచేరీ మాత్రం హాల్లో చివరిదాకా జరిగింది. లైవ్ అంటే ఇదే కదా, ఏం జరుగుతుందో ముందు తెలియదు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ఇదంతా చదివి, వాళ్ళకేమండీ డబ్బుంది, అనేవాళ్ళుంటారు. మనకీ ఉండేదండీ ఈ పని. 1952లోనే ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందం అని సొంత ఆర్కెస్ట్రా పెట్టింది, మొదట రవిశంకర్ గారు చూశారు, తర్వాత దానికి కంపోజర్ గా, డైరెక్టర్ గా చేసిన ఈమని శంకరశాస్త్రి గారు ఎవరనుకున్నారు, మన ద్రాక్షారామం మనిషి! వీణ పట్టుకుని పుట్టిన ఇంటివాడు, మద్రాసులో జెమినీ స్టూడియోలో సినిమా ఆర్కెస్ట్రాలో పనిచేసి, 1959లో ఢిల్లీ ఆకాశవాణికి వెళ్ళారు. ఇళయరాజా గారి గురించి రాసినప్పుడు ఒక్క పేపరైనా ఈయన పేరు తలుచుకుంటుందేమోనని చూశా, నాకైతే కనపడలేదు. మన రాగాలతో అంతమంది వాయిద్యకారుల్ని ఒకచోట కూర్చోబెట్టి రాసి వాయించడం అనే తిప్పలు ఆయన ఆ రోజుల్లోనే పడ్డారు.

1954 నుంచి ఆకాశవాణి సంగీత సమ్మేళనం అని మొదలైంది, ఊరూరా హాళ్ళల్లో శ్రోతల్ని పిలిచి కచేరీలు పెట్టి వాటిని రేడియోలో ఇచ్చేవాళ్ళు. ఆ పాసుల కోసం మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఎవరెవరినో పట్టుకునేవాళ్ళంట. ఇప్పటికీ లైవ్ గా ఒక్కటి మాత్రం తప్పకుండా వస్తుంది, పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారు నుంచి త్యాగరాజ ఆరాధన. ముందు వేణువులు, తర్వాత వందల మంది విద్వాంసులు ఒక్క గొంతుతో పంచరత్న కీర్తనల్లో మొదటిది, నాట రాగంలోది, అందుకుంటారు, అక్కడి నుంచి గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోవి. మా ఇంట్లో ఆ పూట స్టవ్ వెలగదు. రేడియోలో వెనకాల ఎవరో పిల్లవాడు ఏడవడం, ఎవరో తాళం తప్పడం, మైకు ముందున్న పెద్దాయన గొంతు మిగతా అందరినీ మింగెయ్యడం, అన్నీ వస్తాయి, అదే అందం. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ రాసింది తెలుగులో, పాడేది కావేరి ఒడ్డున, వినేది గోదావరి ఒడ్డున. ఏడాదికి ఒకసారి అది చెయ్యగలిగినప్పుడు నెలకోసారి మన హాళ్ళ నుంచి ఎందుకు చెయ్యలేం? రవీంద్రభారతి ఉంది, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది, విశాఖ కళాభారతి ఉంది, మా రాజమండ్రిలో ఆనం కళాకేంద్రం ఉంది. ఆర్కెస్ట్రాయే అక్కర్లేదు, ఒక గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం చాలు. స్టేజి మీద నాలుగు మైకులు, స్టేషన్ కి ఒక లైను.

రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్నారు కదా, అది చాలదా అని మా అబ్బాయి అడిగాడు. చాలదు. యూట్యూబులో వీడియో ఎప్పుడైనా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ చూడం, చూసినా పది నిమిషాలకి వేరేదానికి పోతాం. లైవ్ అంటే ఆ సాయంత్రం ఆరున్నరకి అక్కడ ఒకాయన పాడుతున్నాడు, ఇక్కడ మంచం మీద ఉన్న ముసలావిడ, షాపులో మిషను కుడుతున్న దర్జీ, లారీలో ఉన్న డ్రైవరు అందరూ ఆయనతో పాటు ఆ తనియావర్తనం, అంటే మృదంగం వాళ్ళు విడిగా వాయించేది, ముగిసేదాకా ఉండాలి. మళ్ళీ రాదు. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు, సభ అయ్యేసరికి బస్సు దొరకని పల్లెల వాళ్ళు, చూపులేనివాళ్ళు, రాత్రి డ్యూటీల వాళ్ళు, వీళ్ళందరూ శ్రోతలు కాదా.

ఇంకో పెద్ద లాభం ఉంది, ఇది మాత్రం నా సొంత ఆలోచన. లైవ్ పెడితే శాలువాల కార్యక్రమం తగ్గుతుంది! మన జిల్లాలో ఒక సభలో, పేరెందుకు లెండి, పేరున్న విద్వాంసుడు తోడి రాగం ఆలాపన మంచి పాకాన పడుతుండగా నిర్వాహకులు స్టేజి ఎక్కి, ముఖ్య అతిథి గారికి వేరే ప్రోగ్రాం ఉందట, ఒక్క రెండు నిమిషాలు అని కచేరీ ఆపి, సన్మానం మొదలుపెట్టారు. రెండు నిమిషాలు కాస్తా అరగంట దాటింది, శాలువా, దండ, మెమెంటో, వేదిక మీది పెద్దలు, వేదిక ముందున్న పెద్దలు, అతిథి గారి చిన్ననాటి జ్ఞాపకాలు. పాపం ఆ విద్వాంసుడు తంబురా పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు, తర్వాత మళ్ళీ ఆ తోడి దొరకలేదు, ఎలా దొరుకుతుంది. అదే రేడియోలో లైవ్ వెళ్తుంటే ఆరున్నరకి మొదలవ్వాలి, తొమ్మిదింటికి వార్తలు, ఎవడు ఆపుతాడు? లండన్ లో కండక్టరు స్టేజి మీదికి రావడం కూడా రేడియోలో అనౌన్సరు చెప్పేది అయ్యిందా లేదా చూసుకునే. ఆ అనౌన్సరు హాల్లోనే ఒక బాక్సులో కూర్చుని ఉంటాడు, వాడి మాట హాల్లో ఎవరికీ వినపడదు. అక్కడ నేను చూసిన కచేరీలో ఒక్క ఉపన్యాసం లేదు, చివర పూలగుత్తులు ఇచ్చారు అంతే, జనం కాళ్ళతో నేల దడదడలాడిస్తూ చప్పట్లు కొట్టారు.

రేడియో ఎవరు వింటున్నారండీ ఇప్పుడు అంటారేమో మీరు. వినేవాళ్ళు ఉన్నారు, ఎప్పుడు ఏమొస్తుందో చెప్పేవాళ్ళే లేరు. ఫోన్ లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసుకుంటే విజయవాడ, విశాఖ, కడప, హైదరాబాద్ అన్ని స్టేషన్లూ వస్తాయి, అమెరికాలో ఉన్న పిల్లలు కూడా వినొచ్చు. కానీ ఈ రాత్రి ఎవరి కచేరీ ఉంది? తెలియదు. ఒకప్పుడు ఆకాశవాణి వాళ్ళదే వాణి అని పత్రిక వచ్చేది, అందులో కార్యక్రమాలన్నీ ఉండేవి, పేపర్లలో కూడా నేటి రేడియో అని చిన్న డబ్బా ఉండేది, ఎన్నింటికి, ఎవరు, ఏ వాయిద్యం. మా మామగారు ఆ డబ్బా కత్తిరించి రేడియో పెట్టెకి అంటించేవారు. లండన్ లో కచేరీ జరిగే రెండు నెలలూ పేపర్లలో ఇవాళ ఏమిటి, నిన్నటిది ఎలా ఉంది అని రాస్తారు, బాగా లేకపోతే బాగా లేదని కూడా రాస్తారు, మర్నాడు చదివి హాల్లో విన్నవాళ్ళూ రేడియోలో విన్నవాళ్ళూ దెబ్బలాడుకుంటారు.

కాబట్టి ఎడిటర్ గారూ, నా కోరిక పెద్దదేం కాదు. సభలవాళ్ళకీ ఆకాశవాణికీ నచ్చజెప్పి నెలకో కచేరీ లైవ్ ఇప్పించమని మీరొక సంపాదకీయం రాస్తే మంచిదే, ముందు వరస సోఫాలు తీసేసి అక్కడ జంపఖానా పరిచి పిల్లల్నీ ముసలాళ్ళనీ కూర్చోబెట్టమని కూడా అందులో ఒక వాక్యం వెయ్యండి. అది ఎప్పటికి అవుతుందో నాకు తెలుసు, గవర్నమెంట్ లో పనిచేసినవాణ్ణి. మీ చేతుల్లో ఉన్నది మాత్రం రేపట్నుంచే చెయ్యొచ్చు, ఆ నేటి రేడియో డబ్బా మళ్ళీ వెయ్యండి. ఆరేడు లైన్లు చాలు, మన నాలుగైదు స్టేషన్ల సంగీతం కార్యక్రమాలు, టైములు, పాడేవాళ్ళ పేర్లతో పాటు పక్కవాయిద్యాల వాళ్ళ పేర్లు కూడా, వాళ్ళని ఎవరూ వెయ్యరు. ఎక్కడ వేస్తారో మీ ఇష్టం, రాశిఫలాల కింద వేసినా వెతుక్కుని చదువుతాం.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
రాజమహేంద్రవరం